మృత్తికా, పర్యావరణ రసాయన శాస్త్ర పరిశోధకుడి ప్రచురణల, సైటేషన్ల చిట్టా: కూర్చడం, సరిచూడడం, చదవడం

ఒకే పొలం నుంచి తీసిన ఒకే మట్టి నమూనాలో మొక్కకు అందే భాస్వరాన్ని ఓల్సెన్ పద్ధతిలో కొలిస్తే ఒక అంకె, బ్రే పద్ధతిలో కొలిస్తే మరొక అంకె వస్తాయి. మొదటి పద్ధతిలో పీహెచ్ 8.5 దగ్గర ఉంచిన సోడియం బైకార్బొనేట్ ద్రావణం, రెండవదానిలో ఆమ్ల గుణం గల ఫ్లోరైడ్ ద్రావణం భాస్వరాన్ని వెలికితీస్తాయి కనుక రెండు అంకెలూ సరైనవే అయినా ఒకదాని స్థానంలో మరొకదాన్ని పెట్టడానికి వీలులేదు. పద్ధతి పేరు, నమూనా తీసిన లోతు, తేదీ లేకుండా అంకెను మాత్రమే రాసిన నివేదికను ఈ శాస్త్రం తెలిసినవారెవరూ లెక్కలోకి తీసుకోరు. అంత జాగ్రత్త గల వారే తమ పరిశోధనా జీవితాన్ని గురించి రాసుకునేటప్పుడు మాత్రం ఏ డేటాబేస్‌లో, ఏ రోజున చూశారో చెప్పకుండా ‘‘మొత్తం సైటేషన్లు ఇన్ని, హెచ్-ఇండెక్స్ ఇంత’’ అని రాయడం తరచుగా కనిపిస్తుంది. సైటేషన్ అంటే ఒక రచనను మరొక రచన ఆధారంగా ఉదహరించడం, అంటే ఉల్లేఖన; హెచ్-ఇండెక్స్ ఆ ఉల్లేఖనల నుంచి లెక్కించే ఒక సూచిక. ప్రయోగశాలలో పాటించే క్రమశిక్షణనే ప్రచురణల చిట్టాకూ వర్తింపజేయాలన్నది ఈ వ్యాసం పొడవునా నేను చెప్పదలచిన మాట.

తన జాబితాను తానే తయారుచేసుకునే పరిశోధకులకు, ఒక ఆచార్యుడి జీవితకాల కృషిని పట్టికగా కూర్చే సహాయకులకు, నియామకానికో పదోన్నతికో వచ్చిన దరఖాస్తులను పరిశీలించే సభ్యులకు ఈ దశలు ఉపయోగపడతాయి.

మొదటి దశ: పరిధిని, తేదీని నిర్ణయించుకోవడం

పని మొదలుపెట్టే ముందు చిట్టా ఎందుకో ఒక వాక్యంలో రాసిపెట్టుకోండి. ఆర్థిక సహాయం కోసం చేసే దరఖాస్తుకు గడచిన 5 లేదా 10 సంవత్సరాల ప్రచురణలు చాలవచ్చు. సంస్థ గ్రంథాలయంలో భద్రపరచే జాబితా అయితే మొదటి సదస్సు పత్రం నుంచి అన్నీ ఉండాలి. ఆ తర్వాత ఒక గడువు తేదీని ఎంచుకుని, అన్ని అంకెలనూ అదే రోజున, లేదా ఒకటి రెండు రోజుల వ్యవధిలో సేకరించండి. వ్యాసాలను, వాటి సైటేషన్లను నమోదుచేసే డేటాబేస్‌లలో గూగుల్ స్కాలర్ నుంచి మార్చిలో ఒక అంకె, స్కోపస్ నుంచి ఆగస్టులో మరొక అంకె తీసి పక్కపక్కన పెడితే అవి పోల్చదగినవి కావు.

ఏ రకాల రచనలు లెక్కలోకి వస్తాయో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మృత్తికా శాస్త్రంలో విలువైన కృషి అంతా జర్నళ్ళలో ఉండదు. నేలల సర్వే నివేదికలు, నేలల పటాలు, విశ్లేషణ పద్ధతుల కరదీపికలు, ప్రభుత్వ సంస్థల సాంకేతిక సర్క్యులర్లు ఈ రంగానికి వెన్నెముక వంటివి. పైన చెప్పిన ఓల్సెన్ పద్ధతి 1954లో వెలువడింది ఒక జర్నల్‌లో కాదు, అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించిన 939వ సంఖ్య సర్క్యులర్‌లో. జర్నల్ వ్యాసాలను మాత్రమే ఏరే పద్ధతిని ఆనాడు ఎవరైనా పాటించి ఉంటే, ప్రపంచమంతటి భూసార పరీక్షా కేంద్రాలు దశాబ్దాలుగా వాడుతున్న ఆ కృషి రచయితల జాబితాలోనే ఉండేది కాదు. అందువల్ల జర్నల్ వ్యాసాలు, సమీక్షా వ్యాసాలు, పుస్తకాధ్యాయాలు, సదస్సు పత్రాలు, సాంకేతిక నివేదికలు, దత్తాంశ (డేటా) సంపుటాలు అనే విభాగాలను విడివిడిగా తెరచి, ఒక రచన ఒకే విభాగంలో ఉండేలా చూడండి.

రెండవ దశ: పేరును స్థిరపరచడం

చిట్టాలలో వచ్చే తప్పులలో ఎక్కువ భాగం పేరు దగ్గరే పుడతాయి. ఇంటిపేరును ముందు రాసే సంప్రదాయంలో పెరిగినవారి పేరును ఒక జర్నల్ ఒక విధంగా, మరొక జర్నల్ ఇంకొక విధంగా విడదీస్తుంది. ఒకచోట పొడి అక్షరాలు, మరొకచోట పూర్తి పేరు, వివాహానంతరం మారిన పేరు, లిప్యంతరీకరణలో ఒక అక్షరం అటూ ఇటూ అయిన పేరు వస్తాయి. ఇప్పటివరకు మీ పేరు అచ్చయిన రూపాలన్నింటినీ మొదట ఒక కాగితం మీద రాసుకోండి. పనిచేసిన సంస్థల పేర్లనూ అలాగే రాయండి, ఎందుకంటే విశ్వవిద్యాలయాల పేర్లు మారుతుంటాయి, విభాగాలు విలీనమవుతుంటాయి.

తర్వాతి పని ఆర్కిడ్ గుర్తింపు సంఖ్య. 2012 అక్టోబరులో మొదలైన ఈ వ్యవస్థ ప్రతి పరిశోధకుడికీ ఉచితంగా 16 స్థానాల సంఖ్యను ఇస్తుంది. చివరి స్థానం సంఖ్యలో తప్పు దొర్లిందో లేదో పట్టి చూపే పరీక్షాంకె కనుక కొందరి సంఖ్యలో అక్కడ ‘ఎక్స్’ అనే అక్షరం ఉంటుంది. దానిని అచ్చుతప్పుగా భావించి దిద్దకూడదు. ఒకరికి ఒకే సంఖ్య ఉండాలి. సంస్థ మారినప్పుడు మరచిపోయి రెండవది తీసుకున్నవారు రెండింటినీ కలపమని కోరవచ్చు.

స్కోపస్ వ్యవహారం వేరు. అక్కడ రచయిత ప్రొఫైల్‌ను మనం సృష్టించం. పేరు, సంస్థ, విషయం, సహ రచయితలను పోల్చి కంప్యూటరే తయారుచేస్తుంది. దీనివల్ల రెండు రకాల తప్పులు వస్తాయి. ఒకే మనిషి రెండు మూడు ప్రొఫైళ్ళుగా చీలిపోవడం మొదటిది. ఒకే పేరున్న ఇద్దరు ఒకే ప్రొఫైల్‌లో కలిసిపోవడం రెండవది. మన రంగంలో ఈ రెండవదాని పట్ల ప్రత్యేక జాగ్రత్త అవసరం. మట్టిలోని బంకమన్ను ఖనిజాలపై కాడ్మియం ఎలా అధిశోషణం చెందుతుందో (ఉపరితలానికి అంటుకుంటుందో) పరిశీలించే మృత్తికా రసాయన శాస్త్రజ్ఞుడి వ్యాసాలు, వ్యర్థజలాల శుద్ధి కోసం కొత్త పదార్థాలను తయారుచేసే పదార్థ రసాయన శాస్త్రజ్ఞుడి వ్యాసాలు కీలక పదాలను బట్టి చూస్తే దాదాపు ఒకేలా కనిపిస్తాయి. లాంగ్‌మ్యూర్, ఫ్రాయిండ్‌లిష్ అనే అధిశోషణ సమీకరణాలు రెండింటిలోనూ ఉంటాయి. ఇద్దరి ఇంటిపేరూ, పొడి అక్షరాలూ కలిస్తే యంత్రం వారిని ఒకరిగానే చూస్తుంది. కనుక జాబితాలోని ప్రతి వ్యాసాన్ని తెరచి, సహ రచయితల పేర్లు, సంస్థ చిరునామా, నిధులిచ్చిన సంస్థల ప్రస్తావన అనే మూడు ఆనవాళ్ళలో కనీసం రెండు సరిపోతున్నాయో లేదో చూడండి. శీర్షికను మాత్రమే చూసి నిర్ణయించడం చాలదు.

తప్పు కనిపిస్తే స్కోపస్‌లో ఆథర్ ఫీడ్‌బ్యాక్ విజార్డ్ ద్వారా సవరణ కోరవచ్చు. అటువంటిదే మరొక డేటాబేస్ అయిన వెబ్ ఆఫ్ సైన్స్‌లో మీ ప్రొఫైల్‌ను స్వాధీనం చేసుకుని, మీవి కాని వ్యాసాలను తొలగించవచ్చు. గూగుల్ స్కాలర్‌లో కొత్త వ్యాసాలను తనంతట తానుగా చేర్చే ఏర్పాటును ఆపివేసి, ముందు ఈమెయిల్ ద్వారా అడిగి తర్వాత చేర్చే ఏర్పాటును ఎంచుకోండి. ఈ చిన్న మార్పు చేయని ప్రొఫైళ్ళలో ఇతరుల వ్యాసాలు చేరి కూర్చోవడం మామూలే. వాటిని గమనించి కూడా తొలగించకుండా ఉంచుకోవడం నా దృష్టిలో అజాగ్రత్త మాత్రమే కాదు, ఇతరుల కృషిని తన ఖాతాలో వేసుకోవడమే.

మూడవ దశ: సేకరణ

సేకరణను డేటాబేస్‌తో కాకుండా మీ దగ్గరున్న పాత కాగితాలతో మొదలుపెట్టండి. పాత జీవిత వివరాల పత్రాలు, సంస్థ వార్షిక నివేదికలు, విడిప్రతులు, సదస్సుల సంపుటాలు ఏ డేటాబేస్‌లోనూ దొరకని వాటిని గుర్తుచేస్తాయి. ఆ జాబితా సిద్ధమైన తర్వాతే క్రాస్‌రెఫ్ (ప్రచురణ సంస్థలు తమ రచనల వివరాలను నమోదుచేసే వ్యవస్థ), స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్, గూగుల్ స్కాలర్, ఓపెన్అలెక్స్‌లలో వెతకండి. ఓపెన్అలెక్స్ 2022లో వచ్చిన ఉచిత డేటాబేస్. 2021 చివర మూతపడిన మైక్రోసాఫ్ట్ అకడమిక్ స్థానాన్ని చాలావరకు పూరించింది. వ్యవసాయ సంబంధమైన నివేదికలు, ప్రాంతీయ పత్రికల కోసం ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిర్వహించే ఆగ్రిస్‌ను, సీఏబీ అబ్‌స్ట్రాక్ట్స్‌ను తప్పక చూడాలి. పర్యావరణ రసాయన శాస్త్రం నుంచి వచ్చినవారికి ఈ రెండింటి సంగతి తెలియకపోవడం, మృత్తికా శాస్త్రం నుంచి వచ్చినవారు రసాయన శాస్త్ర సూచికలను పట్టించుకోకపోవడం నేను గమనించిన లోటు.

దొరికినవన్నీ ఒక ఎక్సెల్ పట్టికలోకి దించండి. రచయితలు అచ్చయిన వరుసలోనే ఉండాలి. శీర్షిక, జర్నల్ పేరు, సంవత్సరం, సంపుటి, పుటలు, డీఓఐ (ఒక్కొక్క రచనకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య), రచన రకం, మీ పాత్ర, ఏ డేటాబేస్‌లో దొరికింది అనే గడులు అందరికీ అవసరమైనవే. వీటికి తోడు మన రంగానికి ప్రత్యేకమైన కొన్ని గడులు చేర్చమని నా సలహా: పరిశీలించిన మాధ్యమం నేలా, అవక్షేపమా, నీరా, వృక్ష కణజాలమా, ఏ మూలకం లేదా సమ్మేళనం, ఏ విశ్లేషణ పద్ధతి, ముడి దత్తాంశం ఎక్కడ ఉంది. మొదట్లో ఇది అనవసరపు శ్రమగా తోస్తుంది. అయితే ‘‘నేలల్లో ఆర్సెనిక్‌పై మీరు చేసిన పని చూపండి’’ అని ఎవరైనా అడిగిన రోజున 120 వ్యాసాల జాబితాను మళ్ళీ మొదటి నుంచి చదవవలసిన అవసరం ఉండదు.

నాలుగవ దశ: శుద్ధి

ఐదారు చోట్ల నుంచి తెచ్చిన పట్టికలో ఒకే వ్యాసం ఐదారు సార్లు ఉంటుంది. నకళ్ళను ఏరడానికి అన్నిటికంటే నమ్మదగిన ఆధారం డీఓఐ. ‘10.’ అనే అంకెలతో మొదలయ్యే ఈ సంఖ్యలో చిన్న, పెద్ద అక్షరాలకు తేడా లేదు. కాబట్టి పోల్చే ముందు అన్నింటినీ చిన్న అక్షరాలలోకి మార్చి, ముందున్న వెబ్ చిరునామా భాగాన్ని తొలగించండి. అప్పుడు ఒకటే అయినవి ఒకటిగా తేలతాయి.

డీఓఐ లేని పాత వ్యాసాలను శీర్షికను బట్టి పోల్చవలసి వస్తుంది. అక్కడ రసాయన శాస్త్రం తనదైన చిక్కులను తెచ్చిపెడుతుంది. ఐసోటోపు ద్రవ్యరాశి సంఖ్య పైన చిన్నగా, అణువుల సంఖ్య కింద చిన్నగా ఉండవలసినవి ఒక డేటాబేస్‌లో మామూలు వరుసలోకి దిగిపోతాయి. గ్రీకు అక్షరం డెల్టా ఒకచోట గుర్తుగా, మరొకచోట పూర్తి పదంగా, ఇంకొకచోట ప్రశ్నార్థకంగా కనిపిస్తుంది. అయాన్ల ఆవేశపు గుర్తులు మాయమవుతాయి. క్రోమియం యొక్క 3, 6 ఆక్సీకరణ స్థితులపై రాసిన రెండు వేర్వేరు వ్యాసాలు గుర్తులు పోయిన తర్వాత ఒకే శీర్షికతో కనిపించే ప్రమాదం ఉంది. శీర్షికలు కలిసినంత మాత్రాన నకలుగా నిర్ణయించకుండా సంపుటి, మొదటి పుట కూడా చూడాలి.

జర్నళ్ళ పేర్లు మారడం మరొక చిక్కు. సాయిల్ సైన్స్ సొసైటీ ఆఫ్ అమెరికా ప్రొసీడింగ్స్ 1976 నుంచి అదే సొసైటీ జర్నల్‌గా వెలువడుతోంది. జర్నల్ ఆఫ్ సాయిల్ సైన్స్ 1994లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ సాయిల్ సైన్స్‌గా మారింది. వ్యాసం అచ్చయిన నాటి పేరునే చిట్టాలో ఉంచాలి. కొత్త పేరుకు మార్చితే సంపుటి సంఖ్య పొసగక, వెతికేవారు దారి తప్పుతారు.

ఆ తర్వాత తేల్చవలసినవి జంట రచనలు. ప్రీప్రింట్ (సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో ఉంచిన ప్రతి), దాని తుది ప్రచురణ రెండూ ఉంటే ఒకే వరుసలో ఉంచి ప్రీప్రింట్ సంఖ్యను పక్కన రాయండి. సదస్సు సంగ్రహం తర్వాత పూర్తి వ్యాసమైతే రెండింటినీ ఉంచవచ్చు, విభాగాలు మాత్రం వేరు. ఆన్‌లైన్‌లో ఒక సంవత్సరం డిసెంబరులో, సంపుటిలో మరుసటి సంవత్సరం వచ్చిన వ్యాసానికి ఏదో ఒక నియమం పెట్టుకుని అన్నింటికీ దానినే పాటించండి. సవరణ ప్రకటనలు స్వతంత్ర ప్రచురణలు కావు. అసలు వ్యాసం వరుసలోనే వాటి సూచన చేరుతుంది.

ఉపసంహరించుకున్న వ్యాసం విషయంలో మొహమాటం పనికిరాదు. దానిని జాబితా నుంచి తీసివేయడం కంటే ‘ఉపసంహరించబడింది’ అని తేదీతో గుర్తుపెట్టి ఉంచడమే నిజాయితీ. ఉపసంహరించిన వ్యాసాలను నమోదుచేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను క్రాస్‌రెఫ్ 2023లో తీసుకుని అందరికీ తెరచింది కనుక, మీ డీఓఐలనూ, మీరు ఆధారంగా చూపిన వ్యాసాల డీఓఐలనూ అందులో సరిచూసుకోవడం ఇప్పుడు కష్టం కాదు.

ఐదవ దశ: సైటేషన్లను లెక్కించడం

యూజీన్ గార్ఫీల్డ్ 1964లో వెలువరించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌తో ఒక వ్యాసాన్ని ఎవరెవరు ఉదహరించారో వెతకడం వ్యవస్థగా సాధ్యమైంది. వెబ్ ఆఫ్ సైన్స్ దాని వారసురాలు. 2004లో స్కోపస్, అదే సంవత్సరం నవంబరులో గూగుల్ స్కాలర్ వచ్చాయి. మూడింటిలో మూడు అంకెలు ఎందుకు వస్తాయన్న ప్రశ్నకు ఓల్సెన్, బ్రే ఉదాహరణలోనే సమాధానం ఉంది: ఒక్కొక్కటి ఒక్కొక్క నిష్కర్షక (వెలికితీసే) ద్రావణం వంటిది. వెబ్ ఆఫ్ సైన్స్ ప్రధానంగా ఎంపిక చేసిన జర్నళ్ళలోని ఆధారాలను లెక్కిస్తుంది. గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలు, నివేదికలు, ప్రీప్రింట్లు, పలు భాషల పత్రికలు అన్నింటినీ లాగుతుంది కనుక దాని అంకె సాధారణంగా పెద్దది, దానిలో మలినాలు కూడా ఎక్కువ. రెండింటి సగటు తీయడం, ఒకదాన్ని ఏదో గుణకంతో హెచ్చవేసి మరొకదాన్ని ఊహించడం చేయకూడదు. వాక్లీ, బ్లాక్ 1934లో ప్రకటించిన పద్ధతిలో సేంద్రియ కర్బనంలో సగటున సుమారు 77 శాతమే ఆక్సీకరణం చెందుతుందని భావించి 1.3 చుట్టుపక్కల గుణకంతో హెచ్చవేస్తారు. ఆ గుణకం నేలను బట్టి మారుతుందని తెలిసిన మనం సైటేషన్ల విషయంలో అంతకంటే బలహీనమైన గుణకాన్ని నమ్మడం సరికాదు.

హెచ్-ఇండెక్స్‌ను భౌతిక శాస్త్రజ్ఞుడు హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించాడు. కనీసం అన్నేసి సైటేషన్లు పొందిన వ్యాసాలు ఎన్ని ఉన్నాయో అదే ఆ సూచిక విలువ. దీనిని చేతితో ఒకసారి లెక్కిస్తేగాని దాని స్వభావం అర్థం కాదు. 13 వ్యాసాలు రాసిన ఒక ఊహాజనిత పరిశోధకురాలి సైటేషన్లను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చుదాం: 62, 41, 30, 22, 15, 11, 9, 7, 7, 4, 3, 1, 0. ఏడవ స్థానంలో 9 ఉంది, అది 7 కంటే ఎక్కువ. ఎనిమిదవ స్థానంలో 7 ఉంది, అది 8 కంటే తక్కువ. కాబట్టి హెచ్-ఇండెక్స్ 7. మొత్తం సైటేషన్లు 212. కనీసం పదేసి సైటేషన్లు గల వ్యాసాలు 6 కనుక గూగుల్ స్కాలర్ చూపే ఐ10-ఇండెక్స్ 6. ఇప్పుడు మొదటి వ్యాసం సైటేషన్లు 62 నుంచి 620కి పెరిగాయనుకోండి. మొత్తం 770 అవుతుంది, హెచ్-ఇండెక్స్ మాత్రం 7 దగ్గరే నిలుస్తుంది. అలాగే ఎనిమిది, తొమ్మిదవ స్థానాల్లోని రెండు వ్యాసాలలో ఏ ఒక్కదానికి ఒక్క సైటేషన్ కొత్తగా వచ్చినా సూచిక 8 అవుతుంది. ఇంత మొరటు కొలమానం మీద ఒక మనిషి పదోన్నతిని తేల్చేవారు ఈ లెక్కను స్వయంగా ఒకసారి వేసి చూడాలని కోరుకుంటాను.

స్వీయ సైటేషన్లను వేరుగా చూపండి, దాచవద్దు, అలాగని వాటిని నేరంగానూ చూడవద్దు. ఒకే క్షేత్రంలో దశాబ్దాలు సాగే దీర్ఘకాలిక ప్రయోగాలపై రాసేవారు ముందటి వ్యాసాలను ఉదహరించక తప్పదు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలై నేటికీ నడుస్తున్న బ్రాడ్‌బాక్ ప్రయోగం వంటి వాటిపై ఎవరు రాసినా పాత నేపథ్యాన్ని చూపవలసిందే. సహ రచయితల సైటేషన్లను కూడా స్వీయంగా లెక్కించారా, మీవి మాత్రమేనా అన్నది ఒక వాక్యంలో చెబితే చాలు.

దారితప్పిన సైటేషన్లు కూడా ఉంటాయి. ఉదహరించినవారు సంపుటి సంఖ్యనో, సంవత్సరాన్నో తప్పుగా రాస్తే ఆ ఉల్లేఖన మీ వ్యాసానికి చేరదు. వెబ్ ఆఫ్ సైన్స్‌లోని సైటెడ్ రిఫరెన్స్ సెర్చ్‌లో మీ పేరు అన్ని రూపాలతో వెతికితే ఇటువంటివి బయటపడతాయి; డేటాబేస్‌లో చేరని కరదీపికలు, సర్క్యులర్లకు వచ్చిన ఉల్లేఖనలు కూడా అక్కడే కనిపిస్తాయి. గూగుల్ స్కాలర్‌లో అయితే ఒకే వ్యాసపు రెండు రూపాలను కలిపే వీలుంది. వేర్వేరు రచనలను అలా కలపకూడదని వేరే చెప్పనవసరం లేదు.

ఆరవ దశ: అంకెల వెనుక ఏముందో చదవడం

చాలామంది ఐదవ దశతో ఆగిపోతారు. అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. మన రంగంలో అత్యధికంగా ఉదహరించబడే రచనలలో విశ్లేషణ పద్ధతుల వ్యాసాలు ప్రముఖంగా ఉంటాయి. ఫాస్ఫేటును నీలిరంగుతో కొలిచే పద్ధతిని మర్ఫీ, రైలీ 1962లో ప్రకటించారు. మొక్కకు అందే జింకు, ఇనుము, మాంగనీసు, రాగిని డీటీపీఏ (లోహాలను పట్టి ఉంచే ఒక రసాయనం)తో కొలిచే పరీక్షను లిండ్సే, నార్వెల్ 1978లో. లోహాలను ఐదు భాగాలుగా విడదీసే వరుస నిష్కర్షణను టెస్సియర్, కాంప్‌బెల్, బిస్సాన్ 1979లో అందించారు. వీటిని ఉదహరించేవారిలో అధికులు ‘ఈ పద్ధతిని వాడాం’ అని ఒక్క వాక్యం రాస్తారు. అటువంటి వ్యాసం పక్కన, ఒక లోయలోని నేలల్లో సెలీనియం కదలికను పదేళ్ళు గమనించి రాసిన వ్యాసాన్ని సైటేషన్ల సంఖ్యతో తూచడం అన్యాయం.

ఉల్లేఖన ప్రశంస కావాలనే నియమం కూడా లేదు. టెస్సియర్ పద్ధతిలో ఒక దశలో విడుదలైన లోహం తిరిగి మిగిలిన ఘన పదార్థంపై చేరవచ్చని, ద్రావణాలు తాము ఉద్దేశించిన భాగాన్ని మాత్రమే కరిగించవని విమర్శిస్తూ వచ్చిన వ్యాసాలు కూడా ఆ మూల వ్యాసం సైటేషన్లను పెంచాయి. ఇందుకు వ్యతిరేక దిశలో, ఒక పద్ధతి బాగా ఇంకిపోయిన తర్వాత ‘వాక్లీ-బ్లాక్ పద్ధతి’ అని పేరు చెప్పి మూల వ్యాసాన్ని ఉదహరించడమే మానేస్తారు. అప్పుడు వాడకం పెరుగుతుంటే సైటేషన్లు దానికి తగ్గట్టు పెరగవు.

అందుకే నేను సూచించే పని ఇది. ఎక్కువ సైటేషన్లున్న మీ ఐదు వ్యాసాలను తీసుకుని, ఒక్కొక్కదానిని ఉదహరించిన వ్యాసాల నుంచి యాదృచ్ఛికంగా ఇరవైని ఎంచి, ఉల్లేఖన ఉన్న పేరాను చదవండి. పద్ధతిని వాడారా, దత్తాంశాన్ని వాడారా, ఫలితాన్ని తమ ఫలితంతో పోల్చారా, విభేదించారా, ఉపోద్ఘాతంలో నలుగురితో పాటు పేరు చెప్పి వదిలేశారా అని గుర్తుపెట్టండి. వంద పేరాలు చదవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ తర్వాత మీ కృషి ప్రభావం గురించి మీరు రాసే రెండు వాక్యాలు ఏ సూచికా చెప్పలేనంత స్పష్టంగా ఉంటాయి. మీ వ్యాసాన్ని తప్పుగా అర్థం చేసుకున్న సందర్భాలు కూడా కనిపించవచ్చు; ఉపరితల నేలకు చెప్పిన విలువను లోతు పొరలకు వాడటం వంటివి. వాటిని తర్వాతి వ్యాసంలో సరిదిద్దే అవకాశం దొరుకుతుంది.

రంగాల మధ్య పోలికలో ఇంకా జాగ్రత్త కావాలి. సూక్ష్మ ప్లాస్టిక్‌లు, కొత్త కాలుష్యకాల వంటి అంశాలపై ఏటా వెలువడే వ్యాసాల సంఖ్య నేలల ఆవిర్భావంపై వెలువడేవాటి కంటే చాలా ఎక్కువ కనుక సైటేషన్లు కూడా త్వరగా పోగవుతాయి. స్కోపస్ సమాచారం ఆధారంగా ఇచ్చే రంగ సగటు సూచికలో 1.00 అంటే అదే రంగం, అదే సంవత్సరం, అదే రకం రచనలకు ప్రపంచ సగటు. పది ఇరవై వ్యాసాలు మాత్రమే ఉన్నవారి విషయంలో ఒక్క వ్యాసంతోనే ఇది తలకిందులవుతుంది కాబట్టి వ్యాసాల సంఖ్యను పక్కనే రాయాలి.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను వ్యాసం విలువగా రాయవద్దు. ముందటి రెండు సంవత్సరాలలో ఆ జర్నల్ ప్రచురించిన రచనలకు ఈ సంవత్సరం వచ్చిన సైటేషన్లను, ఆ రెండేళ్ళ వ్యాసాల సంఖ్యతో భాగించగా వచ్చే సగటు అది. మీ వ్యాసం గురించి అది ఏమీ చెప్పదు. పైరు కాలాలు గడిచి, ఇతరులు తమ క్షేత్రాల్లో పరీక్షించి, రాసి, అచ్చయ్యే సరికి రెండేళ్ళు దాటిపోయే రంగం మనది. 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సమావేశం నుంచి వచ్చిన డోరా ప్రకటన, 2015లో వెలువడిన లైడెన్ మ్యానిఫెస్టో (రెండూ పరిశోధనను మదింపు చేసే తీరుపై వచ్చిన ప్రకటనలు) ఈ దురలవాటును మానుకోవాలనే కోరాయి.

ఏడవ దశ: పాత్ర, దత్తాంశం

రచయితల వరుసకు అన్ని సంప్రదాయాలలో ఒకే అర్థం లేదు. చివరి పేరు బృంద నాయకుడిది కావచ్చు, అతి తక్కువ పని చేసినవారిది కావచ్చు. ఒక వ్యాసంలో ఎవరు ఏ పని చేశారో చెప్పే క్రెడిట్ అనే వర్గీకరణలో 14 పాత్రలున్నాయి. వాటి నుంచి మీవి ఎంచుకుని ప్రతి ముఖ్య వ్యాసం పక్కన రాయండి. నమూనాలు తీసినవారు, వాటిని ఆరబెట్టి, జల్లించి, జీర్ణం చేసి (ఆమ్లాలతో కరిగించి) పరికరంపై నడిపినవారు ఈ శాస్త్రానికి ఆధారం. వారి పాత్రను పేరుతో చెప్పే వీలును ఈ వర్గీకరణ కల్పించింది.

దత్తాంశాన్ని పాంజియా, జెనోడో వంటి భాండాగారాల్లో ఉంచితే దానికి సొంత డీఓఐ వస్తుంది, అది కూడా ఉల్లేఖన పొందుతుంది. అక్షాంశ రేఖాంశాలు, లోతు, నమూనా తేదీ, ఆరబెట్టిన విధానం, పరికరం గుర్తింపు పరిమితి (అది పట్టగల అతి తక్కువ మోతాదు) లేని దత్తాంశాన్ని మరొకరు వాడలేరు. రైతుల సొంత పొలాల నమూనాలైతే ఖచ్చితమైన స్థానాన్ని వెల్లడించే ముందు వారి అనుమతి అవసరం.

ఎనిమిదవ దశ: రాయడం, కాపాడుకోవడం

చిట్టా తలభాగంలో ఉండవలసిన వాక్యానికి ఒక నమూనా, ఊహాజనితమైన అంకెలతో: ‘‘2025 జనవరి 31 నాటికి స్కోపస్‌లో 13 వ్యాసాలు, 212 సైటేషన్లు, రచయిత స్వీయ సైటేషన్లు తీసివేస్తే 189, హెచ్-ఇండెక్స్ 7, డేటాబేస్‌లో లేని 4 సాంకేతిక నివేదికలు విడిగా ఇవ్వబడ్డాయి.’’ ఇంతకంటే తక్కువ రాస్తే చదివేవారు సరిచూసుకోలేరు. దాని కింద ప్రభావాన్ని వివరించే ఒక పేరా, ఆ తర్వాత విభాగాల వారీగా జాబితా.

సంవత్సరానికి ఒకసారి, ఒకే నెలలో, పట్టికను నవీకరించి పాత ప్రతిని చెరపకుండా తేదీతో భద్రపరచండి. డేటాబేస్‌లు స్థిరంగా ఉండవు. పరిశోధకుల సమీక్షా కృషిని నమోదుచేసిన పబ్లాన్స్ ప్రొఫైళ్ళు 2022లో వెబ్ ఆఫ్ సైన్స్‌లో కలిసిపోయాయి. మన రంగంలో ఎందరో ప్రచురించిన కెమోస్ఫియర్ జర్నల్ 2024 డిసెంబరులో వెబ్ ఆఫ్ సైన్స్ జాబితా నుంచి తొలగించబడింది. అందులో అంతకుముందే నిజాయితీగా పని చేసి ప్రచురించిన వారి వ్యాసాల విలువ దానివల్ల మారదు, కానీ ఆ డేటాబేస్ ఆధారంగా మీరు రాసే వాక్యాలకు తేదీ ఎందుకు అవసరమో ఇది చూపుతుంది. ఎవరైనా ఒక ఏడాది పట్టికకూ మరుసటి ఏడాది పట్టికకూ తేడా ఎందుకని అడిగితే, రెండు ప్రతులనూ పక్కపక్కన తెరచి, ఏ వరుస చేరిందో, ఏది తొలగిందో, ఏ జర్నల్ పరిధి మారిందో చూపగలిగే స్థితిలో ఉండాలి. అందుకోసం పట్టికలో ‘మార్పు కారణం’ అనే చివరి గడిని మొదటి రోజు నుంచే తెరచి ఉంచండి.